కొలిమింటి రాయబారి

ఊళ్ళు పట్టి తిరిగేవాడికి చేతికర్ర మూడో కాలు. నా మూడో కాలికి అడుగున ఉండే ఇనుప పొన్ను ఒక వంతెన పలకల సందులో ఇరుక్కుని ఊడిపోయింది. పొన్ను లేని కర్ర రాతి మీద జారుతుంది, బురదలో దిగబడుతుంది; నమ్మకం లేని తోడు. అందుకని ఆ ఊళ్ళో రోడ్డు పక్కన రేకుల కప్పు కింద కొలిమి కనబడగానే ఆగాను. పొన్ను వేయడానికి పావుగంట పట్టింది. నేను ఆ ఊరు వదలడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. మోకాలు వాచి అడుగు పడటం లేదని అందరికీ చెప్పాను. అది నిజమే. కానీ మోకాలి వాపు పదో రోజుకే దిగింది.

కొలిమి ముందర, పని చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల ఒకటి. లోపల నడిమధ్య నిప్పుగూడు, దాని పక్కన మొద్దు మీద బిగించిన డాకలి, అంటే ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె. వెనక గోడకి ఒక గుమ్మం. గుమ్మం అవతల ఇల్లు: రెండు గదులు, వంటిల్లు, పెరట్లో గిలక బావి. ఆ గుమ్మం పైన దూలానికి పాత దుప్పటితో కట్టిన ఉయ్యాల వేలాడుతోంది. ఊగితే సగం ఇంట్లోకీ సగం కొలిమిలోకీ ఊగుతుందన్నమాట. అందులో మూడో నెల నడుస్తున్న ఆడపిల్ల.

డెబ్బై ఏళ్ళకు దగ్గరపడ్డ ముసలాయన నా కర్రను చేతుల్లో తిప్పి చూసి, ఉయ్యాల వైపు తిరిగి, "బుజ్జమ్మా, చిన్న పటకారు ఎక్కడ పెట్టాడో మీ నాన్నని అడుగు" అన్నాడు.

మూడు బారల దూరంలో సమ్మెట ఆనించుకుని ముప్పై ఏళ్ళ మనిషి నిలబడి ఉన్నాడు. ఆ పిల్లకి తండ్రి, ఈయనకి కొడుకు. అతనూ ఉయ్యాల వైపే చూసి, "బొగ్గుల బస్తా మీద ఉందని తాతకి చెప్పు తల్లీ" అన్నాడు.

పిల్ల తన పిడికిలి తను చీక్కుంటోంది. ముసలాయన బస్తా మీంచి పటకారు తీసుకున్నాడు.

ముద్దు మాటలనుకున్నాను. పసిపిల్ల ఉన్న ఇంట్లో పెద్దవాళ్ళ తెలివి కాస్త మసకబారడం లోకమంతటా ఉన్నదే. గంటసేపు కూర్చున్నాక తెలిసింది, అది ముద్దు కాదు, టపా.

"వాళ్ళిద్దరికీ మాటల్లేక తొమ్మిదేళ్ళు పెద్దాయనా" అంది ఎదురుగా టీకొట్టు నడిపే ఆవిడ. ఊరంతా ఆవిణ్ణి పిన్ని అంటారు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నదైనా రెండో రోజుకి నేనూ పిన్ని అనేశాను. ఆ కొట్టు వెనక గదిలోనే నా బస.

"దేని మీద వచ్చింది తగువు?"

"గొడ్డలి మీద అంటారు కొందరు. నాగలి కర్రు మీద అంటారు ఇంకొందరు. కొడుకు పదును పెట్టింది పగిలిందట. నలుగురిలో తండ్రి ఏదో అన్నాడట, కొడుకు ఇంకేదో అన్నాడట. ఏమన్నారో ఇప్పుడు వాళ్ళకే గుర్తుండదు. మాట పోయింది, పంతం మిగిలింది."

"మరి పనెలా సాగుతోంది?"

"సుత్తులు మాట్లాడుకుంటాయిగా" అంటూ గ్లాసులు తొలిచింది.

అది నిజం. ఎర్రగా కాలిన ఇనుమును పటకారుతో పట్టుకున్నవాడు చిన్న సుత్తితో ఎక్కడ తాటిస్తే, ఎదుటివాడు సమ్మెటతో అక్కడ కొట్టాలి. చిన్న దెబ్బ, పెద్ద దెబ్బ. చిన్న, పెద్ద. చిన్న సుత్తి పక్కకి ఒరిగి డాకలి మీద ఒట్టిగా టింగుమంటే ఆపమని అర్థం. చాలా కొలుముల దగ్గర కూర్చున్నాను. మనుషుల భాష మారుతుంది గానీ ఆ టింగు మారదు. అనుభవం ఉన్నవాడు చిన్న సుత్తి పడతాడు, కండ ఉన్నవాడు సమ్మెట పడతాడు. అందుకే ఆ ఊళ్ళో తండ్రిని చిన్నసుత్తి అనీ, కొడుకుని పెద్దసుత్తి అనీ పిలుస్తారు. పరాయివాడికి తారుమారైనట్టు వినబడుతుంది.

అయితే సుత్తి చెప్పలేని సంగతులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. బొగ్గు నిండుకుంది. బావి తాడు పీచులు లేచింది. రేపు పొద్దున్నే మిల్లువాళ్ళు వస్తామన్నారు. తగువు వచ్చిన కొత్తలో ఇవన్నీ ముసలాయన భార్య మోసేది. ఆవిడ పోయాక రెండేళ్ళు ఆ ఇంట్లో ఇనుము తప్ప ఏదీ పలకలేదట. ఆ తరువాత కోడలు వచ్చింది.

"కొడుక్కి పెళ్ళి చేశారనుకున్నారా? ఇంట్లోకి మాట తెచ్చుకున్నారు" అంది పిన్ని.

నేను రాస్తున్నది ఆ కోడలి సంగతి.

ఆమె ఆరుగురు పిల్లల ఇంట్లో నాలుగోది. మంచం మీద చోటు కోసం, దువ్వెన కోసం, ఆఖరికి అద్దంలో ముఖం కోసం కూడా పోట్లాడి పెరిగింది. అలాంటి మనిషి అత్తవారింట అడుగుపెట్టిన మర్నాడు పొద్దున్న మామగారు ఆమెను పిలిచి, "అమ్మాయ్, వాడు నీళ్ళ తొట్టి నింపలేదని చెప్పు" అన్నాడట. మొగుడు పక్కనే ఉన్నాడు. ఆమె అయోమయంగా మొగుడి ముఖం చూసిందట. "నింపుతానని చెప్పు" అన్నాడట అతను. సాయంత్రానికల్లా ఆమెకి తన ఉద్యోగం ఏమిటో అర్థమైంది.

నిప్పుగూటికి గాలి కొట్టే చేతి చక్రం తిప్పడం కూడా అప్పట్లో ఆమె పనే. చక్రం సరిగ్గా ఇద్దరి మధ్యన ఉండేది. ఎవరైనా నోరు తెరిస్తే ఆమె చక్రం ఆపేది. మాట వినేది, ఇటు తిరిగి అప్పజెప్పేది, జవాబు అందుకుని అటు తిరిగేది, మళ్ళీ చక్రం. ఊరు ఆమెకి గాలికోడలు అని పేరు పెట్టింది.

ఇందులో ఒక విశేషం ఉంది. అది విన్నాకే నేను ఆ బల్ల వదల్లేకపోయాను. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు, ఇద్దరికీ చెవులున్నాయి. అయినా ఆమె చెప్పేదాకా ఎవరూ విన్నట్టు కాదు. ఆమె ఎలా చెబితే దానికే జవాబు. "ఆ ముసలాయనకి కళ్ళు కనబడటం లేదు, వంకర పోతోందని చెప్పు" అని మొగుడంటే, ఆమె మామగారి వైపు తిరిగి, "మామయ్యా, ఈ మూల వెలుతురు తక్కువగా ఉందేమో అంటున్నారు" అనేది. ఆయన అసలు మాట వినేవాడు, దవడ బిగిసేది కూడా. కానీ ఆమె మాటకే జవాబివ్వాలి గనక, "అయితే రేకు ఒకటి పక్కకి జరపమను" అనేవాడు. అలా మూడేళ్ళు ఆమె ఇటు ఉప్పు అందుకుని అటు చక్కెర ఇచ్చింది. కమ్మరి వీధిలో సూదులమ్మడం కష్టమంటారు. కమ్మరి ఇంట్లో మెత్తన అమ్మడం అంతకంటే కష్టం.

పాత కథల్లో రాయబారులు చాలామంది కనబడతారు. వాళ్ళని సభలో నిలబెట్టి అవమానిస్తారు, కట్టేయబోతారు, సత్కరించి పంపుతారు. యుద్ధం వస్తే తప్పు వాళ్ళ మీదికి పోతుంది. కానీ సంధి కుదిరాక ఆ రాయబారి ఏమైపోయాడో నేను చదివిన ఏ కథా చెప్పలేదు. రాజులిద్దరూ కౌగిలించుకుంటారు, అతను ఏ మూలకి వెళ్ళి కూర్చుంటాడు? ఎవరితో మాట్లాడతాడు? ఆ సంగతి నాకు ఈ కొలిమి దగ్గర తెలిసింది.

కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలో ఆమెను చక్రం దగ్గరనుంచి లేపేశారు. పొగ మంచిది కాదన్నారు. ప్రేమతోనే. చక్రం బస్తాల వెనక్కి పోయింది, గాలి మోటారు వచ్చింది. మీట నొక్కితే చాలు, హోరుమంటూ ఊదుతుంది. పిల్ల పుట్టాక ఆమె లోపలి గదిలోనే ఉండిపోయింది. ఆ గది గోడకి అవతలిపక్క నిప్పుగూడు. గోడ ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. దానికి వీపు ఆనించి కూర్చుని పాలిచ్చేది, గుడ్డలు మడిచేది, చిన్న దెబ్బా పెద్ద దెబ్బా లెక్కపెట్టేది.

కడుపులో ఉన్నంతకాలం ఆ మోత వింటూ పెరిగిన పిల్ల. సుత్తులు మోగుతుంటే ఒళ్ళు తెలియకుండా నిద్రపోతుంది. మోత ఆగితే కళ్ళు తెరుస్తుంది. లోకంలో అందరూ పసిపిల్ల పడుకుందని మాట తగ్గిస్తారు. ఈ ఇంట్లో పిల్ల పడుకోవాలంటే డాకలి మోగాలి. ఈ సంగతి కనిపెట్టి, ఉయ్యాల తీసుకెళ్ళి కొలిమి గుమ్మానికి కట్టింది కూడా ఆమే. తన కొలువు తనే అప్పగించానని అప్పుడు ఆమెకి తెలియదు.

మూడు వారాలు తిరక్కుండానే తాత పిల్లతో మాట్లాడటం మొదలెట్టాడు. తండ్రీ మొదలెట్టాడు. కొద్ది రోజుల్లో పిల్ల మీదుగా ఒకరితో ఒకరు మాట్లాడటం మొదలెట్టారు. పసిదాని ముఖంలోకి చూసి కటువు మాట ఎవరనగలరు? వంకర పోతోంది అనాల్సిన మనిషి, "తాతకి కాస్త కుడిపక్కకి తిప్పమని చెప్పు బంగారూ" అన్నాడు. ఉప్పు దానంతటదే చక్కెరైపోయింది. ఆమె మూడేళ్ళు చెమటోడ్చి చేసిన పని, నోట్లో పన్ను లేని పిల్ల నోరు విప్పకుండానే చేసేసింది.

"గాలి మోటారుకి పోయింది, మాట పిల్లకి పోయింది, ఇక కోడలు మిగిలింది" అంది పిన్ని ఆమె వినేటట్టుగానే. ఆమె నవ్విందట. ఇంటికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుందట.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ అలవాటు ఇల్లంతా పాకింది. ఒకనాడు నేను బల్ల మీదున్నప్పుడే ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సన్నగా, ముంజేతుల దాకా గుడ్డలు పిండిన తడితో. మొగుడు ఆమె వైపు చూడకుండా ఉయ్యాలలోకి వంగి, "అమ్మకి చెప్పు తల్లీ, కుండలో మంచినీళ్ళు అయిపోయాయని" అన్నాడు. ముసలాయన, "నా చొక్కా ఆరిందేమో అమ్మని చూడమను బుజ్జమ్మా" అన్నాడు. ఆమె ఉయ్యాలకి జానెడు దూరంలో ఉంది. లోపలికి వెళ్ళి కుండ నింపింది, చొక్కా తెచ్చి కొయ్యకి తగిలించింది. ఇంట్లో నలుగురున్నారు. నలుగురికీ కలిపి మాట్లాడటానికి ఒక్క మనిషే ఉంది, ఆ మనిషికి మాటలు రావు.

నా పదకొండో రోజున పట్నం నుంచి ఆమె అక్క ఫోన్ చేసింది. పిల్లని తీసుకుని వచ్చి మూడు నెలలుండమని. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె ఇద్దరికీ నేరుగానే చెప్పింది. "అక్క రమ్మంటోంది. గురువారం బస్సుకి వెళ్దామనుకుంటున్నాను. మూడు నెలలు" అంది. చెప్పి, వడ్డించే గరిటె చేతిలోనే పట్టుకుని నిలబడింది. వాళ్ళిద్దరూ తలలు వంచుకుని తింటున్నారు. ఒక్క మాట వస్తే ఆగిపోయేదాన్ని బాబాయ్ అని తరువాత నాతో అంది. "వెళ్ళొద్దనే మాటే అక్కర్లేదు. ఎందుకని అడిగినా చాలు."

పసిది అప్పుడు నిద్రపోతోంది. దారి మూసి ఉంది. ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున్న నేను బల్ల మీద ఉన్నాను. ముసలాయన ఉయ్యాల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "బుజ్జమ్మా, అమ్మని వెళ్ళొద్దనమని మీ నాన్నతో చెప్పు" అన్నాడు. సరిగ్గా అప్పుడు కొడుకు మీట నొక్కాడు. మోటారు హోరెత్తింది. చేతి చక్రమైతే మాట కోసం ఆగేది. మోటారుకి ఆ మర్యాద తెలియదు. కాసేపటికి కొడుకు చేతులు తుడుచుకుంటూ ఉయ్యాల దగ్గర ఆగి, "తాత ఒక్క మాటంటే అమ్మ ఆగుతుంది, తాతతో చెప్పు తల్లీ" అన్నాడు. అదే క్షణాన ముసలాయన కాలిన బద్దను తొట్టిలో ముంచాడు. నీళ్ళు సర్రుమని లేచాయి. ఎవరి ఉత్తరం వాళ్ళు డబ్బాలో వేసేశారు. వేసిన ఉత్తరం చేరినట్టే అనుకునే జాతి మనది. కొడుకు ఆమెకి చెప్పే ఉంటాడని తండ్రి అనుకున్నాడు, తండ్రి చెప్పే ఉంటాడని కొడుకు అనుకున్నాడు, ఇద్దరూ నిశ్చింతగా గునపాలు సాగగొట్టారు.

గుమ్మం అవతల గోడ పక్కన ఆమె నిలబడి ఉంది. రెండూ విన్నది.

"విన్నావుగా, మరెందుకు వెళ్ళావు?" అని నేను తరువాత అడిగాను.

"నాకు చెప్పమన్న మాట నేను వినడం, నాకు చెప్పడం ఒకటేనా బాబాయ్?"

నేనూ విన్నాను. లేచి, అయ్యా మీ మాట చేరలేదు అని అనవచ్చు. దారినపోయేవాడిని, ఇంటి సంగతుల్లో వేలు పెట్టడమెందుకని కర్ర పొన్ను చూసుకుంటూ కూర్చున్నాను. దేశదిమ్మరి బతుకులో ఇదొక సుఖం, ఇదే ఒక సిగ్గు.

గురువారం పొద్దున్న బస్సు దగ్గరికి అందరం వెళ్ళాం. మొగుడు సంచీ మోశాడు. ముసలాయన మిగులు ఇనుప ముక్కలతో గిలక్కాయ ఒకటి చేశాడు. అంచులు అరగదీసి, పాపాయి బుగ్గకి తగిలినా గీసుకోనంత నున్నగా. దాన్ని పిల్ల గుప్పిట్లో పెట్టి, "తొందరగా వచ్చెయ్ బుజ్జమ్మా" అన్నాడు. కొడుకు పిల్ల నెత్తి నిమిరి, "అమ్మని జాగ్రత్తగా చూసుకో తల్లీ" అన్నాడు. ఆమె ఒక కాలు బస్సు మెట్టు మీదా ఒక కాలు నేల మీదా పెట్టి నిలబడింది. చాలాసేపే నిలబడింది.

"ఎక్కుతావా అమ్మా, ఫోటో తీయించుకుంటావా?" అన్నాడు కండక్టరు.

ఆ పొద్దున్న ఆమెతో నేరుగా మాట్లాడింది ఆ కండక్టరొక్కడే. ఆమె ఎక్కింది.

ఖాళీ ఉయ్యాల గుమ్మానికి వేలాడుతూనే ఉంది. ఆ రోజంతా సుత్తులే మాట్లాడుకున్నాయి. మర్నాడు గేటు పని ఒకటి వచ్చింది. మడత బందులు చేయాలి, కొలతలు కావాలి. ముసలాయన అలవాటుగా ఉయ్యాల వైపు తిరిగి, "బుజ్జమ్మా" అని, ఆగిపోయి, నా వైపు చూశాడు.

"పెద్దాయనా, గేటు కొలతలు తీసుకురమ్మని వాడికి కాస్త చెబుతారా?"

నేను గర్వపడ్డానని ఒప్పుకోవాలి. నాలుగు భాషలు మాట్లాడతాను. సరిహద్దుల దగ్గర పోట్లాటలు తీర్చాను. ఒకరి పుస్తకం ఇంకొకరి భాషలోకి మార్చిపెట్టిన రోజులున్నాయి. ఒక మాట మూడు బారల దూరం మోయలేనా? చెప్పాను.

"మొన్న మూరకీ బెత్తెడుకీ తేడా తెలియకుండా కొలిచింది తనేగా, మళ్ళీ నన్నెందుకు పొమ్మంటున్నాడో అడగండి" అన్నాడు కొడుకు.

అనువాదంలో నిజాయితీ ముఖ్యమని జీవితమంతా వాదించినవాణ్ణి. ఉన్నదున్నట్టు చెప్పాను. ముసలాయన ముఖం నల్లబడింది. "పగలగొట్టేవాడికి కొలతలు దేనికని అడగండి" అన్నాడు. అదీ చెప్పాను. మూడో మాట మోసుకొచ్చేసరికి కొడుకు సమ్మెటను గోడకి ఆనించి, చొక్కా భుజాన వేసుకుని బయటికి నడిచాడు. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ ఆగని పెద్ద దెబ్బ నా రాయబారంతో ఆగింది. ఆమె అయితే, "మామయ్యా, మీకెందుకు శ్రమ, ఆ కొలతలేవో ఇద్దరం ఒకసారి చూద్దామంటున్నారు" అనేది. ఈ చదువు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

కొడుకు మర్నాటి నుంచి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుకి పోవడం మొదలెట్టాడు. ముసలాయన ఒక్కడే కొలిమి వెలిగించేవాడు. ఒంటి చేత్తో అయ్యే చిల్లర పనులు చేసేవాడు. మధ్యాహ్నం రెండవుతుంటే నిప్పు ఆర్పేసి, చల్లటి ఇనుప కమ్మీ ఒకటి డాకలి మీద పెట్టి, చిన్న సుత్తితో ఊరికే తాటిస్తూ కూర్చునేవాడు.

"దేనికి?" అన్నాను రెండో రోజు.

"పాప పడుకునే వేళ" అన్నాడు. అంతే.

పట్నంలో సంగతి ఆమె చెప్పగా విన్నదే. అక్క ఇల్లు మూడంతస్తుల మేడలో నడిమి అంతస్తు. నిశ్శబ్దమైన వీధి. పిల్ల మొదటి రోజు నిద్రపోలేదు, రెండో రోజూ నిద్రపోలేదు. జోకొట్టింది, పాడింది, ఎత్తుకుని గదుల్లో తిరిగింది. చివరికి వంటింట్లోకి వెళ్ళి, బోర్లించిన గిన్నె మీద గరిటెతో కొట్టింది. చిన్న దెబ్బ, పెద్ద దెబ్బ. పిల్ల రెప్పలు వాలాయి. పై అంతస్తు ఆవిడ దిగి వచ్చి తలుపు తట్టింది. "ఏమ్మా, గిన్నెలకి సొట్టలు తీస్తున్నారా, పెడుతున్నారా?"

అక్కకి పగలంతా ఉద్యోగం, వచ్చాక ఇద్దరు పిల్లల చదువులు. బావగారు మంచివారు, టీవీ చూస్తారు. వచ్చినవాళ్ళందరూ పిల్లతో మాట్లాడారు. "నాలుగో రోజు సాయంత్రం అక్క కూడా దాన్ని ఒళ్ళో పెట్టుకుని దాన్నే అడిగింది బాబాయ్, మీ అమ్మ ఎందుకే ఇలా చిక్కిపోయింది అని. నేను పక్కనే ఉన్నాను. అప్పుడనిపించింది, ఇక్కడా అంతే అయితే, కనీసం అక్కడ ఇది నిద్రయినా పోతుంది కదా అని."

మంగళవారం మధ్యాహ్నం బస్సుకి ఆమె దిగింది. ఎవరికీ చెప్పలేదు గనక ఎవరూ ఎదురు వెళ్ళలేదు. బస్సు కుదుపుకీ హోరుకీ పిల్ల భుజం మీద గాఢనిద్రలో ఉంది. రోడ్డు మలుపు తిరుగుతూనే ఆమెకి చిన్న సుత్తి వినబడిందట. టింగు. ఖాళీ. టింగు. ఖాళీ. ఆ ఖాళీలో పెద్ద దెబ్బ పడాలి. పడటం లేదు. మిగిలిన దూరం ఎలా నడిచిందో తనకే తెలియదంది.

నేను బల్ల మీదున్నాను. ఆమె లోపలికి వస్తుంటే ముసలాయన చెయ్యి ఆపలేదు. ఆపితే పిల్ల లేస్తుంది. కుడిచేత్తో తాటిస్తూనే, ఎడమచేత్తో ఉయ్యాల తాడు లాగి పట్టుకున్నాడు. ఆమె పిల్లని పడుకోబెట్టి, దుప్పటి సర్ది, ఖాళీగా ఉన్న సమ్మెట వైపు చూసింది.

ముసలాయన ఉయ్యాల వైపు వంగి నోరు తెరిచాడు. మూసుకున్నాడు. పిల్ల నిద్రపోతోంది. నా వైపు చూశాడు. నేను తల అటు తిప్పుకున్నాను. ఒకసారి రాయబారం చేసింది చాలు. ఇంకెవరూ లేరు. టింగు టింగుమని మరో పది దెబ్బలు పడ్డాయి.

"అమ్మాయ్" అన్నాడు.

"ఊఁ."

"మోటారు గాలి బాగాలేదు." ఒక దెబ్బ. "ఒకచోట మాడిపోతోంది, ఒకచోట పచ్చిగా ఉంటోంది." ఇంకో దెబ్బ. "చేతి గాలికి ఇనుము ఒకేలా కాగేది."

ఆమె మూడేళ్ళ అలవాటు కొద్దీ, "ఎవరికి చెప్పమంటారు మామయ్యా?" అంది.

ఆయన కమ్మీని ఇటు తిప్పి అటు తిప్పి, ఉన్నచోటనే పెట్టాడు.

"ఎవరికీ వద్దు. నీకే చెబుతున్నాను."

ఆమె బస్తాల వెనక్కి వెళ్ళి, బూజు పట్టిన గాలి చక్రాన్ని ఈడ్చుకొచ్చి, కొంగుతో తుడిచి, ఇరుసులో రెండు చుక్కలు నూనె వేసింది. మోటారు తీగ పీకి చుట్టిపెట్టింది. ముసలాయన అడ్డు చెప్పలేదు. నిప్పు రాజేశాడు.

కొడుకు షెడ్డు నుంచి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. రోడ్డు మీదనే చక్రం చప్పుడు విన్నాడేమో, గబగబా వచ్చి గుమ్మంలో ఆగాడు. చూపు తిన్నగా ఉయ్యాల మీదికే పోయింది.

"బుజ్జీ, అమ్మ ఎప్పుడు వచ్చింది?"

"అది నిద్రపోతోంది" అంది ఆమె చక్రం తిప్పుతూనే. "నన్నడగండి."

అతను అక్కడే నిలబడ్డాడు. మెడ తడుముకున్నాడు. గోడకి ఆనించిన సమ్మెట వంక చూశాడు, నా వంక చూశాడు. కట్టుకున్న భార్యని ఒక ప్రశ్న అడగడానికి అంత కష్టపడ్డ మనిషిని నేను మరి చూడలేదు. ఆమె చక్రం ఆపింది.

"ఎప్పుడొచ్చావు?" అన్నాడు.

"మధ్యాహ్నం బస్సుకి."

"తిన్నావా?"

ఆమె తల వంచుకుంది. మళ్ళీ చక్రం తిప్పడం మొదలెట్టింది, ఈసారి మరీ వేగంగా. నిప్పు నీలంగా లేచింది.

అక్కడితో అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. తండ్రీ కొడుకులు నేను వెళ్ళేనాటికీ నేరుగా మాట్లాడుకోవడం లేదు. కొడుకు షెడ్డు మానేసి మళ్ళీ సమ్మెట పట్టాడు గానీ, గేటు కొలతలు ఆమె నోటి మీదుగానే తేలాయి. ఆమెతో మాట్లాడటం కూడా ఇద్దరికీ కొత్త పనే. రోజుకి రెండు మూడు మాటలు. కొన్ని రోజులు అవీ ఉండవు, పిల్ల మెలకువగా ఉంటే అందరూ ఉయ్యాల వైపే వంగుతారు. అలాంటప్పుడు ఆమె వెచ్చటి గోడకి ఆనుకుని కూర్చోవడం నేను వెళ్ళే ముందు రోజు కూడా చూశాను.

ఇరవై మూడో రోజు పొద్దున్న బయలుదేరాను. ముసలాయన పొన్ను బిగింపు మరోసారి చూసి ఇచ్చాడు. కొడుకు దణ్ణం పెట్టాడు. ఆమె చక్రం వదలకుండానే, "మోకాలు జాగ్రత్త బాబాయ్" అంది.

మలుపు దాకా చిన్న దెబ్బా పెద్ద దెబ్బా వినబడుతూనే ఉన్నాయి. వాటి అడుగున చక్రం గాలి చప్పుడు కూడా. మలుపు దగ్గర చక్రం ఆగింది. ఎవరో మాట్లాడుతున్నారన్నమాట. నేనూ ఆగి చెవి ఒగ్గాను. ఎవరు, ఎవరితో అన్నది అంత దూరానికి తెలియలేదు.